కరెంటు పోయినా పాలు విరగకుండా



సేద్యం మాటలు మాని పట్నపు దుకాణాల ఊసు ఎందుకని అడుగుతారేమో. మీరు పితికిన పాలు చివరకు చేరేది చిక్కడపల్లి, నారాయణగూడల వంటి చోట్ల ఉన్న పాలబూతులకే గదా. గ్రూప్స్ పరీక్షలకు చదివే మన పిల్లలుండేది అశోక్‌నగర్‌లోనే గదా. 2012, 2013లలో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు విద్యుత్తు సెలవులు పెట్టిన రోజులు పోయాయి, నిజమే. అయినా వేసవి గాలివానకు చెట్టుకొమ్మ విరిగి తీగలపై పడిందా, బూతులో ఫ్రిజ్ ఆగుతుంది, పాలు విరుగుతాయి.

సౌరఫలకాలు పెట్టించుకుంటే సరి అంటారు కొందరు. అక్కడే చిక్కుంది. మామూలుగా లైనుకు కలిపిన సౌరయంత్రం, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, ఎండ చుర్రుమంటున్నా సరే! ఇది లోపం కాదు. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన మేడమీది కరెంటు తగిలి ప్రాణం పోకుండా అలా ఏర్పాటు చేశారు. అప్పుడూ పని నడవాలంటే బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ పద్ధతి కావాలి. కరెంటు పోయినప్పుడు దాని ఇన్వర్టరు దుకాణాన్ని లైనునుంచి విడదీసి, ఫలకాలతోను బ్యాటరీతోను నడిపిస్తుంది.

ఒక బూతు లెక్క చూద్దాం. ఫ్రిజ్‌కు 200 వాట్లు, దీపాలకు, బిల్లుయంత్రానికి 100 అనుకోండి. మూడు గంటలకు 900 వాట్‌గంటలు. 12 వోల్టుల, 150 ఆంపియర్‌గంటల సీసపు బ్యాటరీలో 1800 ఉంటాయి గాని, ప్రతిసారీ సగానికి మించి వాడితే అది త్వరగా చెడుతుంది. ఇన్వర్టరు తినేది కూడా ఉంది గనుక రెండు పెట్టడం మేలు. మరొక్క సంగతి. ఫ్రిజ్ మోటారు కదిలే క్షణంలో, నడిచేటప్పటికంటే ఎన్నోరెట్లు లాగుతుంది. 300 వాట్లే గదా అని చిన్న ఇన్వర్టరు కొంటే అది మొరాయిస్తుంది.

ఒక కిలోవాట్ ఫలకాలు రోజుకు సుమారు 4 యూనిట్లిస్తాయి. నీడ పడని చోటు 100 చదరపు అడుగులు కావాలి, ముఖం దక్షిణానికుండాలి. ఇరుకు వీధుల్లో పక్కమేడ నీడే పెద్ద శత్రువు. పైగా అద్దె దుకాణమైతే మేడ యజమానిది, కాబట్టి ముందు ఆయనతో కాగితం రాయించుకోవాలి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ రాయితీ ఇళ్లకే గాని దుకాణాలకు లేదు.

మీ ఊరి పాలసేకరణ కేంద్రానికీ ఇదే లెక్క. శీతలయంత్రం మోటారు పెద్దది గనుక అంకెలు పెరుగుతాయి, అంతే. విస్తరణోద్యోగులు సంఘంవారితో కూర్చుని, ఏ యంత్రం ఆగరాదో, ఎన్ని గంటలు నడవాలో ముందు కాగితంమీద వేయించండి. బేరం సంగతి ఆ తరువాత.