గ్రాముల్లో రాయండి

పట్టాలు అందుకున్న డాక్టర్ పిల్లలూ, మీకో మాట.

నేను రుమటాలజిస్టుని. మూత్రాశయ కేన్సర్ గురించి చెబుతాను, అది ఈయనకెందుకు అనుకోకండి. లూపస్‌లో కిడ్నీలు కాపాడటానికి మేం వాడే సైక్లోఫాస్ఫమైడ్ ఒంట్లో విరిగినప్పుడు అక్రోలిన్ పుడుతుంది. అది మూత్రంలో చేరి మూత్రాశయం లోపలి పొరను దెబ్బతీస్తుంది. మందు మొత్తం మోతాదు పెరిగేకొద్దీ కేన్సర్ ముప్పు పెరుగుతుంది. మందు ఆపేసిన ఏళ్లకు కూడా బయటపడవచ్చు.

ఒక టీచరమ్మ గుర్తొస్తున్నారు. లూపస్ అదుపులోకి వచ్చి చక్కగా బడికి వెళ్తున్న మనిషి. మూత్రం ఎర్రగా వస్తోందంటే ఒకచోట ఇన్‌ఫెక్షన్ అన్నారు. కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా యాంటీబయాటిక్కే ఇచ్చారు. ఇంకోచోట లూపస్ తిరగబెట్టిందని స్టెరాయిడ్ పెంచారు. చివరికి నా దగ్గరికొచ్చి, ప్లాస్టిక్ కవర్లోని పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచారు. డిశ్చార్జి కాగితంలో సైక్లోఫాస్ఫమైడ్ పేరు ఉంది. ఎంత ఇచ్చారో, ఎన్నాళ్లు ఇచ్చారో లేదు. సిస్టోస్కోపీ చేయిస్తే కణితి కనిపించింది. అదృష్టం, కండరంలోకి దిగకముందే తీసేశారు.

ఏమర్రా, పేరు పక్కన డిగ్రీలన్నీ వరస తప్పకుండా రాసుకుంటారే, రోగి ఒంట్లోకి వెళ్లిన గ్రాములు రాయడానికి చెయ్యి రాదా? లూపస్‌కు సైక్లోఫాస్ఫమైడ్ తక్కువ మోతాదులో ఇచ్చే యూరో-లూపస్ పద్ధతిలో మొత్తం 3 గ్రాములే. రోజూ 100 మిల్లీగ్రాముల మాత్ర ఏడాదిపాటు మింగితే 36 గ్రాములు దాటుతుంది. ఈ రెండు రకాల రోగుల కాగితాల్లోనూ మందు పేరు ఒక్కటే రాస్తే తర్వాత చూసే డాక్టరుకు ఏం తెలుస్తుంది?

కేన్సర్ తేలాక కూడా మన పని తీరదు. చికిత్సగా మూత్రాశయంలోకి ఎక్కించే బీసీజీలో బతికున్న సూక్ష్మజీవి ఉంటుంది. రోగి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు వాడుతుంటే యూరాలజిస్టుకు ముందే చెప్పండి. ఇమ్యునోథెరపీతో కీళ్లనొప్పులు తిరగబెట్టవచ్చు, ఆ భయంతో కేన్సర్ చికిత్సే వద్దనకండి. మూత్రాశయ కేన్సరే కాదు, ప్రోస్టేట్ కేన్సర్‌కు హార్మోన్ చికిత్స మొదలైనా, స్టెరాయిడ్‌తో గుల్లబారిన ఎముకలను మీరే పరీక్షించండి.

సైక్లోఫాస్ఫమైడ్ ఎప్పుడు వాడినవారైనా సరే, మూత్రంలో రక్తం కనబడితే కల్చర్‌తో సరిపెట్టకండి, సిస్టోస్కోపీకి పంపండి. బీడీ, సిగరెట్ మాన్పించండి. మీరు రాసే ప్రతి డిశ్చార్జి కాగితంలో మందు మొత్తం మోతాదు వేయండి, దాన్ని రోగికీ చెప్పండి.