పది శ్వాసలకో పూస

ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో ఇన్నేళ్ళుగా ఉన్నావు కదా, ఏదైనా మాట్లాడమని రేడియో మిత్రులు అడిగారు. వాళ్ళ మనసులో గ్యాస్ ఉందని నాకు తెలుసు. దోహాకు ఉత్తరాన 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రేవు గురించి, 1996 డిసెంబరులో ఇక్కడి నుంచి జపానుకు బయల్దేరిన మొదటి ఎల్‌ఎన్‌జీ ఓడ గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను పైపులు బిగించేవాణ్ణి. సెలవు రోజున కూడా పైపుల ముచ్చటంటే నా వల్ల కాదు. నాకిష్టమైన సంగతి వేరే ఉంది: మన ఊళ్ళలో ఆశా కార్యకర్త బాలింత ఇంటికొచ్చి పసిబిడ్డను చూసి వెళ్ళే పద్ధతి. పుట్టిన రోజు నుంచి పదిహేనో నెల దాకా అంతా చెప్తాను. ఆ వేళకు బిడ్డ తండ్రి ఎక్కడుంటాడో కూడా చెప్తాను.

ఆశా అంటే ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. బిడ్డను జోలెలో వేసి బరువు తూస్తుంది, చంకలో థర్మామీటరు పెడుతుంది, బొడ్డు చూస్తుంది, పాలు సరిగా తాగుతున్నాడా అని అడుగుతుంది. తర్వాత గడియారం పట్టుకుని నిమిషం పాటు ఊపిరి లెక్కపెడుతుంది. 60 వచ్చినా, దాటినా మళ్ళీ లెక్కపెడుతుంది. రెండోసారీ అంతే వస్తే ఆస్పత్రికే.

ఈ ఊపిరి లెక్క దగ్గర కాస్త ఆగుతాను. ఇంటికొచ్చి పసికందును ఇలా చూసే పద్ధతికి పుట్టిల్లు మనకు పొరుగునే ఉంది. ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లా, దాని దక్షిణపు కొసన సిరొంచ, అక్కడ తెలుగు బాగానే వినిపిస్తుంది. ఆ జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 ఊళ్ళలో ఊరి ఆడవాళ్ళకే నేర్పి, పసికందులను ఇంటి దగ్గరే చూసుకునే ఏర్పాటు చేశారు. మూడో ఏటికల్లా నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 2011లో దేశమంతటా ఆశాలకు అప్పగించిన పనికి దారి చూపింది అదే.

అక్కడ ఊపిరి లెక్క నేర్చుకోవాల్సిన మంత్రసానుల్లో అరవై దాకా లెక్కపెట్టడం రానివాళ్ళు చాలామంది. వాళ్ళ కోసం బంగ్ దంపతులు ఒక పరికరం చేయించారు. చట్రంలో పూసలు, దానికే ఒక ఇసుక గడియారం. నిమిషంలో ఇసుక కారిపోతుంది. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. ఇసుక ఇంకా ఉండగానే చివరి ఎర్రపూస జరపాల్సి వచ్చిందా, అది న్యుమోనియా! చదువు రాని మనిషి చేతికి డాక్టరు విద్య ఇంత నిరాడంబరంగా అందడం నేనెక్కడా వినలేదు. ఇప్పుడు అంకెల గడియారం వచ్చింది. అది మంచిదే. కానీ పూసలైతే పక్కనున్నవాళ్ళకూ కనబడతాయి, గడియారంతో పెట్టే లెక్క ఆమె మనసులోనే ఉంటుంది. పది దాకా లెక్క వచ్చిన ఏ తండ్రికైనా ఆ చట్రం ఇవ్వొచ్చు కదా అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

తండ్రి అన్నాను కదా. తొలికాన్పు పుట్టింట్లో. అల్లుడు చూడ్డానికొస్తే అరుగు మీద కుర్చీ, చేతికి కాఫీ. లోపలి గది ఆడవాళ్ళది. గల్ఫ్ మన నాన్నలను దూరం చేసిందంటారు గానీ, అది సగమే నిజం. గల్ఫ్ లేని రోజుల్లోనూ ఆ గదిలో నాన్న లేడు. అమెరికాలో డేవిడ్ ఓల్డ్స్ 1970లలో ఎల్మైరా పట్నంలో మొదలుపెట్టిన నర్సుల ఇంటి సందర్శన కూడా తొలిచూలు తల్లుల కోసమే. రువాండాలో మాత్రం తండ్రులను, దంపతులను కూర్చోబెట్టి మాట్లాడించారు. భార్యలను కొట్టడం తగ్గిందనీ, గర్భిణి పరీక్షలకు భర్తలు తోడు వెళ్ళడం పెరిగిందనీ 2018లో ఫలితాలు వచ్చాయి.

మా క్యాంపుల సంగతి వేరు. వెల్డర్లు, ఫిట్టర్లు, స్కాఫోల్డర్లు. శ్రీకాకుళం వాళ్ళు, జగిత్యాల వాళ్ళు. జీతం ఒక స్థాయి దాటితే తప్ప కుటుంబ వీసా రాదు. చాలామందికి సెలవు రెండేళ్ళకోసారి. బిడ్డను మొదటిసారి ఎత్తుకోబోతే అది కొత్త మనిషని ఏడుస్తూ అమ్మ దగ్గరికి నడిచి వెళ్ళిపోతుంది. అయినా ఇంట్లో పెద్ద నిర్ణయం మాత్రం ఇతనిదే. బిడ్డకు ఆయాసంగా ఉంది, పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళమని ఆశా అంటే, "ఆయన్ని అడిగి చెప్తాం" అంటారు. ఆయనేమో ప్లాంటులో ఉంటాడు. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. ఊళ్ళో పొద్దున పదయితే ఇక్కడ ఏడున్నర, అప్పుడే పనిలోకి దిగుంటాడు. సాయంత్రం దాకా బిడ్డ ఆగాలా?

మా అమ్మాయి పుట్టినప్పుడు ఓ శుక్రవారం నేను క్యాంపు గదిలోనే ఉన్నాను. ఇమో వీడియో కాల్‌లో అత్తగారు ఫోను పట్టుకుంటే నాకు సగంసేపు పైన తిరిగే ఫ్యానే కనబడింది. ఆశా లెక్క 62 వచ్చింది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. "బావగారూ, ఇప్పుడే ఏడుపు ఆపింది. కాసేపాగి మళ్ళీ చూద్దాం, మీరూ లెక్కపెట్టండి," అందామె. వాళ్ళ ఊరి అల్లుణ్ణి కదా, అందుకే బావగారు. ఆమె పైకి లెక్కపెట్టింది, నేనూ పెట్టాను. ఈసారి 50 దాటలేదు. ఊపిరి తీస్తే డొక్క లోపలికి పోతే ఎట్లా ఉంటుందో, బిడ్డ చల్లబడితే ఏం చెయ్యాలో ఆరోజే చెప్పింది. "అట్లాంటిది ఉంటే నన్ను అడగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి" అని ఇంట్లో చెప్పేశాను.

పుట్టిన రోజే ఒకటో రోజు గనక, శనివారం పుట్టిన బిడ్డకు 7, 14, 21, 28, 42వ రోజులన్నీ శుక్రవారాలే, చూసుకోండి. మాకు సెలవు, ఆమెకు పనిరోజు. మిగతా బిడ్డలకు రోజు మార్చమని అనను, అది ప్రమాదం. ఆ వారం వచ్చే శుక్రవారం ఆశా తండ్రికి ఒక్క ఫోను చేస్తే చాలు. కానీ ఇప్పుడు ఆశాలకూ అంగన్‌వాడీ వాళ్ళకూ యాప్‌లో నింపే పనే సరిపోతోంది. వివరాలు ఎక్కాయా లేదా అన్నదే పైవాళ్ళ ధ్యాస. అదే ఫోనులో ఖతార్ నంబరు నొక్కమని ఒక్క అధికారీ చెప్పడు. మనవాళ్ళూ తక్కువ తినలేదు. డబ్బు పంపాం కదా అని దుప్పటి కప్పుకుంటారు. ఇంటికి చేసినప్పుడు, ఆశా పుస్తకంలో మీ ఇక్కడి నంబరు రాయించమని చెప్పండి.

మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూణ్ణెల్లకోసారి జరిగే సందర్శనల గురించి కూడా చెప్తానన్నాను. అవి 2018లో మొదలయ్యాయి. ఆరో నెలలో అన్నం ఎంత మెత్తగా మెదపాలన్న దానికే ఓ ప్రసంగం పడుతుంది. అద్దం అవతల నుంచి వేళ్ళు చూపిస్తున్నారు, టైమయిపోయిందట. సెలవు.