నొప్పి మీట ఎవరి చేతిలో?



నడుముకో మోకాలికో చర్మం మీద పట్టీలు అంటించి, సన్నని కరెంటు పంపి నొప్పి తగ్గించే చిన్న యంత్రం ఉంది. టెన్స్ అంటారు. బ్యాటరీతో నడుస్తుంది. "యా అల్లా, కరెంటా!" అని హడలిపోనక్కరలేదు. చీమలు పాకినట్లు జిలజిలమంటుంది, అంతే.

వెన్నుపాములో నొప్పికి ద్వారం వంటిది ఉందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటాం కదా! ఆ స్పర్శ, నొప్పి కబురును ద్వారం దగ్గరే అడ్డుకుంటుందన్నమాట. ఈ యంత్రం వెనుక ఉన్న ఆలోచనా అదే.

నాకు నచ్చిందేమంటే, మీట రోగి చేతిలోనే ఉంటుంది. ఎంత నొప్పో పడేవాళ్ళకే తెలుసు. కొడుకో కోడలో తిప్పకూడదు. సున్న నుంచి మెల్లగా పెంచుకోవాలి, గుచ్చినట్లుంటే తగ్గించుకోవాలి. మన ఇళ్ళలో అమ్మీలు సజ్దాకు వంగలేకపోయినా "ఏం లేదు బేటా" అంటారు. ముందు వాళ్ళకు చెప్పండి ఈ సంగతి.

అయితే గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దీని జోలికి పోరాదు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టరును అడగనిదే వాడవద్దు. గొంతు ముందు భాగాన, పుండ్ల మీద, షుగరుతో స్పర్శ పోయిన పాదాల మీద అంటించరాదు. అందరికీ పనిచేయదు. పనిచేసినా నొప్పి తగ్గుతుందే గాని జబ్బు మానదు. ఎవరైనా మానుతుందని చెప్పి అమ్మజూస్తే నమ్మకండి. కొనేముందు ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో ఒకసారి పెట్టించుకుని చూడండి.