అరుంధతిని చూపించిన పెద్దలకు ఒక మనవి
(చాండ్లర్ తెలుగు సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నక్షత్రాల వెలుగును కొలవటమే వృత్తిగా చేసుకున్న మాబోటి స్త్రీలను చూసి, "ఆడవాళ్ళకు ఆకాశంతో ఏం పనమ్మా?" అని అడిగేవారు ఒకప్పుడు చాలామంది వుండేవారు. నిజానికి మన ఆడపిల్లను ఆకాశం కేసి చూడమని శాస్త్రోక్తంగా చెప్పే ఘడియ ఒకటి వుంది. పెళ్ళినాడు పురోహితుడు వేలెత్తి అరుంధతిని చూపిస్తాడు. ముహూర్తం పట్టపగలైనా సరే, "కనబడిందా?" అంటే "కనబడింది" అని తల వూపాలి. అంతటితో ఆకాశంతో ఆమెకున్న పని తీరిపోయిందనుకునేవారు.

సప్తర్షి మండలంలో వసిష్ఠుని పక్కన మినుకుమనే ఆ చుక్క మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో వుంది. వసిష్ఠుడిలోని పెద్ద నక్షత్రం ఒకటి కాదనీ, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట అనీ 1889లో హార్వర్డ్ వేధశాల ప్రకటించింది. ప్రకటించినవారు డైరెక్టరు పికరింగ్ గారు. ఆ జంట తిరిగే కాలాన్ని లెక్కగట్టటానికి శ్రమపడినది ఆంటోనియా మౌరీ అనే యువతి. ఆ వేధశాలలో స్త్రీలు పగలంతా ఫోటో గాజుపలకల ముందు కూర్చుని లెక్కలు కట్టేవారు. వారికిచ్చిన కూలి గంటకు పాతిక సెంట్లు మొదలు. మన పెళ్ళిళ్ళలో చూపించే వసిష్ఠుని గుట్టు బయటపడటంలో ఒక స్త్రీ చెయ్యి వుందన్నమాట!

ఇక మన ఆరిజోనా సంగతికి వద్దాం. టూసాన్‌కు పడమరగా, తొహోనో ఓదమ్ ప్రజల భూమిలో కిట్ పీక్ కొండ వుంది. వెరా రూబిన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞురాలు కెంట్ ఫోర్డ్ గారితో కలిసి ఆ కొండ మీదా, మన ఫ్లాగ్‌స్టాఫ్‌లోనూ టెలిస్కోపులు పట్టి ఆండ్రోమెడా గెలాక్సీని పరిశీలించింది. ఆ ఫలితాలు 1970లో వెలువడ్డాయి.

ఆమె చూసినదేమిటో పిల్లలకు కూడా అర్థమయ్యేట్టు చెప్పుకుందాం. సూర్యుడికి దగ్గరగా వున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో పరుగెడతాడు. దూరాన వున్న నెప్ట్యూన్ వేగం 5 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. దూరం పోయినకొద్దీ పట్టు తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. గెలాక్సీలో కూడా అంచున వున్నవి మెల్లగా తిరగాలి గదా! కానీ అంచున వున్నవి కూడా ఇంచుమించు లోపలివాటంత వేగంగానే తిరుగుతున్నాయి. కనబడే నక్షత్రాల బరువుకు వాటిని పట్టి వుంచే శక్తి చాలదు. అంటే మన కంటికి కనబడని పదార్థమేదో అక్కడ చాలా వుండాలి. దాన్నే కృష్ణపదార్థం అంటున్నాం.

ఇంతటి విషయం కనుగొన్న ఆమె, 1965లో పాలొమార్ వేధశాలలో పని చేయటానికి అధికారికంగా అనుమతి పొందిన మొదటి మహిళ. అక్కడ ఆడవారికి మరుగుదొడ్డి కూడా లేదు. కాగితంతో చిన్న గౌను ఆకారం కత్తిరించి, తలుపు మీది మగ బొమ్మకు అంటించి, "ఇప్పుడు వుంది" అన్నట్టుగా చూపించింది. నోబెల్ బహుమతి రాకుండానే 2016లో కన్నుమూసింది. చిలీలో ఆమె పేరిట వెలసిన వేధశాల మొదటి చిత్రాలు 2025 జూన్‌లో లోకానికి అందాయి. దాని 8.4 మీటర్ల అద్దం తయారైంది మన టూసాన్ విశ్వవిద్యాలయంలో, ఫుట్‌బాల్ స్టేడియం కింద. కెమెరాలో వెలుగును పట్టేవి 189 సిలికాన్ పలకలు. సిలికాన్ అంటే ఏమిటో చాండ్లర్ వారికి వేరే చెప్పనక్కరలేదు!

ఇక్కడ ఒక మాట. "స్త్రీ కూడా ఆ కనబడని పదార్థంలాగా ఇంటిని నిలబెడుతోంది" అని పొగిడితే మన సభల్లో చప్పట్లు మోగుతాయి. మేము మాత్రం ఆ పొగడ్త పుచ్చుకోలేం. కనబడకుండా వుండటం నక్షత్రాలకు శోభేమో గాని, మనుషులకు కాదు. చేసినపని కనబడాలి, చేసినవారి పేరు వినబడాలి. సమానత్వమంటే ఇంతే.

అంతరిక్షయానంలోనూ ఇదే కథ. 1960ల ఆరంభంలో న్యూమెక్సికోలోని ఒక వైద్యశాలలో వ్యోమగాములకు పెట్టిన పరీక్షల్లో 13 మంది మహిళా పైలట్లు నెగ్గారు. జెట్ విమానాల పరీక్షా పైలట్లయి వుండాలన్నది అప్పటి నాసా నియమం. ఆ ఉద్యోగంలోకి ఆడవారిని సైన్యం అప్పట్లో తీసుకునేది కాదు. నిచ్చెన తీసేసి మేడ ఎక్కమన్నట్టుంది గదా! 1963లో సోవియట్ యువతి వాలెంతినా తెరెష్కోవా 48 సార్లు భూమిని చుట్టివచ్చింది. అమెరికా నుంచి శాలీ రైడ్ వెళ్ళేసరికి 1983 వచ్చింది. 2019 మార్చిలో ఇద్దరు స్త్రీలు కలిసి అంతరిక్షంలో నడవవలసి వుండగా, ఇద్దరికీ సరిపడే కొలత దుస్తులు సిద్ధంగా లేక వాయిదా పడింది. చివరికి అక్టోబరులో జరిగింది. మనసులో చోటిచ్చినా చాలదు, దుస్తులు కూడా కుట్టి వుంచాలి.

2021 జూలై 11న, ఆంధ్రదేశంలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీష అంతరిక్షపు అంచుదాకా వెళ్ళి, మొక్కల మీద ఒక ప్రయోగం చేసి వచ్చింది. తెలుగువాళ్ళందరం పండుగ చేసుకున్నాం. ఆ తరువాత తొమ్మిదో రోజున, ఆ 13 మందిలో ఒకరైన వాలీ ఫంక్ 82వ యేట అంతరిక్షం చూసింది. ఒకరికి దొరికిన కాలం ఇంకొకరికి అరవై యేళ్ళు ఆలస్యమైంది.

మరి మన ఇళ్ళ మాటేమిటి? 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా పోయింది. శాస్త్రజ్ఞులు అక్కడ గుమిగూడితే, ఎందరో తలుపులు బిగించుకున్నారు. గర్భిణులను చీకటి గదిలో కూర్చోబెట్టారు. ఆ తలుపులు సముద్రం దాటినా ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. అబ్బాయి అర్ధరాత్రి టెలిస్కోపు పట్టుకుని ఎడారిలోకి వెళతానంటే "జాగ్రత్త నాన్నా" అంటాం. అమ్మాయి అదే మాటంటే "ఇప్పుడు అవసరమా?" అంటాం. ఆరేళ్ళ డాక్టరేటు అంటే అబ్బాయికి గౌరవం, అమ్మాయికి "పెళ్ళెప్పుడు?" అన్న ప్రశ్న. భయం సహజమే. జాగ్రత్తలు ఇద్దరికీ చెబుదాం, దారి ఇద్దరికీ విడుద్దాం.

భర్త ఉద్యోగంతో పాటు వచ్చి, ఎమ్మెస్సీ పట్టా పెట్టె అడుగున దాచుకున్న అక్కచెల్లెళ్ళకు కూడా ఒక పేరు చెప్పాలి: ఫ్లాగ్‌స్టాఫ్‌లో నివసించిన కారొలిన్ షూమేకర్. చదివింది చరిత్ర, రాజనీతి. ముగ్గురు పిల్లలను పెంచి పెద్దచేశాక, 51వ యేట ఆకాశం ఫోటోలు పరిశీలించటం మొదలుపెట్టింది. 32 తోకచుక్కలు కనుగొంది. 1994 జూలైలో గురుగ్రహం మీద ముక్కలు ముక్కలుగా పడిన తోకచుక్క, ఆమె తన భర్తతోనూ, డేవిడ్ లెవీతోనూ కలిసి పట్టుకున్నదే. ఇద్దరూ ఒకే పని చేశారు, ఇద్దరి పేరూ నిలిచింది.

ఫ్లాగ్‌స్టాఫ్ ఇక్కడికి కారులో రెండున్నర గంటల దారి. ఈ సెలవుల్లో మీ అమ్మాయినీ అబ్బాయినీ, వీలైతే అమ్మమ్మనూ తీసుకువెళ్ళండి. టెలిస్కోపు దగ్గర ముందు అమ్మమ్మకు చోటివ్వండి. రాత్రిపూట, నింపాదిగా, అరుంధతిని చూడనివ్వండి. ఈసారి నిజంగా కనబడితేనే కనబడిందని చెప్పమనండి.