మత్స్యదేశపు మీనాలు

వానలు వెనుకపట్టిన యేట విరాటపర్వము చదివించుట మన పల్లెలలో పెద్దలెఱిగిన ఆచారము. పాండవులు అజ్ఞాతవాసము చేసిన ఆ విరాటుని కొలువు ఎచ్చట నుండెనో యెన్నడైన విచారించితిరా? రాజస్థానమున, జయపురమునకు సుమారు 50 మైళ్ళ దూరమున, బైరాట్ అను ఊరు కలదు. మత్స్యదేశపు విరాటనగర మదియే యని పరంపరగా వచ్చిన మాట. అశోకుని శాసన మొకటి అచ్చట 1840లో దొరకినది. కావున ఊరి ప్రాచీనతను గూర్చి సందేహము లేదు.

ఆ ప్రాంతమున మీనాలను జనులు విస్తారముగా నున్నారు. మీనమన్నను చేపయే, మత్స్యమన్నను చేపయే. తాము మత్స్యావతారమూర్తి సంతతివారమనియు, మత్స్యరాజ్యము తమ పూర్వులదనియు వారు చెప్పుకొందురు. దీనికి ముఖ్యాధారము నామసామ్యము. పేరొక్కటియే వంశమును స్థాపింపజాలదని నా యభిప్రాయము. కాని కచ్ఛవాహులను రాజపుత్రులు రాకపూర్వము అంబరు పరిసరపు కొండలు మీనానాయకుల యేలుబడిలో నుండె ననుట వట్టికథ కాదు.

ఆ దొరతనము పోయిన తీరును గూర్చిన జనశ్రుతిని టాడ్ దొర తన రాజస్థాన చరిత్రమున, 1832 నాటి రెండవ సంపుటమున, వ్రాసియుంచెను. రాజ్యము గోల్పోయిన కచ్ఛవాహరాణి యొకతె పసిబిడ్డను బుట్టలో నిడుకొని ఖోహ్ అను మీనాల ఊరు చేరెనట. ఆకలికి అడవిపండ్లు కోసికొనుచు వెనుదిరిగి చూడగా, పాము బుట్టపై పడగ పట్టియుండెను. పిమ్మట ఆమె మీనారాజు వంటయింట పనికి గుదిరినది. ఒకనాటి వంటను మెచ్చిన రాజు ఆమె వృత్తాంతము తెలిసికొని, ఆమెను చెల్లెలిగను, బిడ్డను మేనల్లునిగను జేకొనెను. ఆ బాలుడే ఢోలారాయుడు. పెరిగి పెద్దవాడై, దీపావళినాడు మీనాలు చెఱువున స్నానమాడుచుండగా పైబడి వారిని చంపించెనట! ఆ యదను జెప్పిన మీనాల వందినిగూడ బ్రదుకనీయలేదు. ఒక ప్రభువునకు ద్రోహము చేసినవాడు మఱియొకనికి నమ్మదగినవాడు కాడనెనట. కూడుపెట్టిన మేనమామను చంపినవాని నోట నీమాట!

విచిత్రమేమనగా, ఆ కచ్ఛవాహులకే మీనాలు నమ్మకస్థులైరి. కాలిఖోహ్ మీనా తన కాలి బొటనవ్రేలి నెత్తురుతో అంబరు రాజునకు పట్టాభిషేకతిలకము దిద్దెడివాడనియు, కోశాగారమునకు మీనాలే కావలి యనియు టాడ్ దొరయే వ్రాసెను. అట్టివారిని 1930లో జయపుర సంస్థానము జరాయంపేషా చట్టముక్రింద పుట్టుకతోనే నేరస్థులుగా నెంచినది. ఊరి కావలివాండ్రు ఠాణాకు బోయి హాజరు పలుకవలసి వచ్చినది! నేరస్థజాతుల చట్టము దేశమంతట రద్దగుట 1952లో.

జైనముని మగనసాగరుడు మీనపురాణమను గ్రంథమును కూర్చినదియు ఆ హాజరుపట్టీల కాలముననే. ఆధారము చాలదని ఇంతకుముందు నేనన్న మాట ఆ గ్రంథము నెడ కొంచెము కఠినమేమో.

దీపావళినాడు మీనాలు నేటికిని నీటిరేవున వరుసగా నిలిచి పితృతర్పణము విడుతురు. ఆనాడు చెఱువున మడిసిన తమ పెద్దలకని చెప్పుదురు.