పసుపు బస్సు ఎక్కని పిల్లలు

(ప్లెయిన్స్‌బరోలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు "నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. పెళ్ళికి ముందు తెనాలిలో నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన టీచర్ని, అంతే" అన్నాను. "డాక్టర్లు చెప్పేవి చాలా విన్నామండీ, మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి చాలు" అన్నారు. సరే, ఇంట్లో జరిగిందే చెబుతాను. మధ్యలో చట్టం మాటలు కొన్ని వస్తాయి. అవి మాత్రం దయచేసి రాసుకోండి. ఎనిమిదేళ్ళ కిందట నాకు అవి తెలియక ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

మన ప్లెయిన్స్‌బరోలో పొద్దున్న బస్‌స్టాపులు మీకు తెలిసినవే. మంకీ కాప్ పెట్టుకున్న తాతగార్లు, లంచ్ బాక్సు పట్టుకుని వెనకాల పరిగెత్తే అమ్మలు, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. మా అబ్బాయి ఆరో క్లాసులో ఉండగా అక్టోబరు దాకా మేమూ ఆ గుంపులోనే ఉన్నాం. ఒక సోమవారం వాడు ఒక కాలికి బూటు వేసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. రెండోది వేసుకోలేదు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. బడికోసం వాడు ఆ రెండో బూటు వేసుకోవడానికి మళ్ళీ రెండేళ్ళ పైన పట్టింది.

మేం ఏం చెయ్యలేదు కనక! బతిమాలాం, భయపెట్టాం, కొత్త ఐపాడ్ కొంటామన్నాం. ఒకరోజు మావారు వాణ్ణి ఎత్తి కారులో కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. బడి పార్కింగ్ లాట్‌లో వాడు సీట్ బెల్టుని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. వాణ్ణి తిరిగి ఇంట్లో దింపి ఆఫీసుకని వెళ్ళిన మావారు, ఆఫీసుకి వెళ్ళకుండా కారులోనే కూర్చుని ఏడ్చారని నాకు ఏడాది తర్వాత తెలిసింది.

బయట అడిగినవాళ్ళకి మాత్రం "ఒంట్లో బాగోలేదు" అని చెప్పాం. పుట్టినరోజు పార్టీలు మానేశాం. గుడికి వెళితే వెనక గుమ్మంలోంచి వచ్చేసేవాళ్ళం. మా అత్తయ్యగారు "మొండితనం, రెండు తగిలిస్తే సరి" అన్నారు. ఆవిడని ఇప్పుడు తప్పుపట్టను. నేనూ మనసులో అదే అనుకున్నాను కదా.

తర్వాత పరీక్షల్లో తేలింది, వాడికి ఆటిజం, దానితో పాటు తీవ్రమైన ఆందోళన. మార్కులు బాగా వచ్చే పిల్లవాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. చాలా నెలల తర్వాత వాడే కంప్యూటర్లో టైపు చేసి చూపించాడు: కాఫెటీరియాలో చప్పుడు "నాయనమ్మ మిక్సీ పది ఒకేసారి వేసినట్టు" ఉంటుందిట. పొద్దున్నించీ సాయంత్రం దాకా బిగబట్టుకుని మామూలుగా ఉన్నట్టు కనిపించడంలోనే వాడి శక్తంతా అయిపోయేదిట. వెళ్ళనని మొండికెయ్యలేదండీ, వెళ్ళలేకపోయాడు. ఈ రెండు మాటలకీ తేడా తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఈ దేశంలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో ఆటిజం గుర్తించినవాళ్ళు 2000లో 150 మందికి ఒకరని సీడీసీ లెక్క. 2022 లెక్కలో 31 మందికి ఒకరు. నిర్వచనం విస్తరించడం, గుర్తించడం మెరుగుపడడం ఈ పెరుగుదలకి పెద్ద కారణాలు. అంటే ఈ పిల్లలు ఇదివరకూ ఉన్నారు. మన ఊళ్ళోనూ ఉండేవారు. మనం "తిక్క శంకరయ్య" అని పేరు పెట్టి ఊరుకున్నాం.

మన ఊరి సంగతి ఒకటి చెబుతాను. ప్లెయిన్స్‌బరోలో ఒకప్పుడు వాకర్-గోర్డన్ డెయిరీ ఉండేది. అక్కడ 1930లో రోటోలాక్టర్ అని పాలు పితికే యంత్రం పెట్టారు. గుండ్రంగా తిరిగే పెద్ద అరుగు. ఒకేసారి 50 ఆవులు దాని మీద నిలబడేవి. ఒక చుట్టు తిరిగేసరికి కడగడం, పితకడం అన్నీ అయిపోయి దిగిపోయేవి. జనం వింతగా చూడడానికి వచ్చేవారుట. ఇప్పుడు అక్కడ ఇళ్ళొచ్చాయి.

బడి కూడా అలాంటి తిరిగే అరుగే. అది చెడ్డదని నేననను. చాలామంది పిల్లలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ తిరుగుతున్న అరుగు మీదికి ఎక్కలేని బిడ్డ ఒకడుంటాడు. వాణ్ణి వెనకనించి తోస్తే పడతాడు. మన ఊళ్ళో పద్ధతి వేరు కదా, చెంబు పట్టుకుని ఆవున్న చోటికే వెళతాం. చదువూ అలా బిడ్డ ఉన్న చోటికి వెళ్ళొచ్చు. ఈ దేశంలో చట్టం అందుకు ఒప్పుకుంటుంది.

ఇక రాసుకోవలసిన మాటలు.

వికలాంగులైన పిల్లలందరికీ ఉచితంగా, తగిన చదువు చెప్పాలన్న ఫెడరల్ చట్టం 1975లో వచ్చింది. 1990లో దాని పేరు ఐడియా అయింది. దాని కింద బిడ్డకి రాసి ఇచ్చే ప్రణాళికే ఐఈపీ. ఆటిజం కూడా ఆ చట్టంలో ఉంది. "మేం హెచ్-1బీలో ఉన్నాం, అడిగితే వీసాకి ఇబ్బందేమో" అని వెనకాడేవాళ్ళని చూశాను. పబ్లిక్ బడిలో చదువుకి వీసా రకం అడ్డు కాదు. ఏ పత్రాలూ లేని పిల్లలకి కూడా బడి తలుపు మూయకూడదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. మీటింగులో ఇంగ్లీషు అర్థం కాకపోతే దుబాసీని ఏర్పాటు చెయ్యమని అడగడం మీ హక్కు.

న్యూజెర్సీలో బడికి వెళ్ళలేని బిడ్డకి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది, బడిలో పేరు ఉంచుకునే ఇంట్లో చదువు. ఇంకే ఏర్పాటూ కుదరదని తేలినప్పుడు ఐఈపీలో రాసి, స్కూల్ డిస్ట్రిక్టే టీచర్ని పంపుతుంది. వారానికి 10 గంటలకి తగ్గకుండా, కనీసం మూడు వేరువేరు రోజుల్లో.  ఖర్చు డిస్ట్రిక్టుది.

రెండోది, డిస్ట్రిక్టు ఖర్చుతోనే ప్రత్యేక బడి. మామూలు బడిలో కుదరదని ఐఈపీ బృందం ఒప్పుకోవాలి. మనకి దగ్గర్లోనే, ఆ చట్టం రాకముందే 1970లో మొదలైన ప్రిన్స్‌టన్ చైల్డ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1975లో మొదలైన ఈడెన్ ఉంది. అన్నీ అందరికీ నప్పవు. వెళ్ళి, కూర్చుని, చూసి రండి.

మూడోది, హోమ్ స్కూలింగ్. ఆరు నుంచి పదహారేళ్ళ పిల్లలు బడికైనా వెళ్ళాలి, లేదా దానికి సమానమైన చదువు మరోచోటైనా పొందాలి అంటుంది ఈ రాష్ట్ర చట్టం. 1967లో మాసా అనే ఆవిడ కేసులో, చదువు సమానంగా ఉంటే చాలు, బడిలోలాగా తోటిపిల్లల గుంపు ఉండనక్కరలేదని కోర్టు తీర్పిచ్చింది. స్వేచ్ఛ ఎక్కువ. కానీ ఇక్కడే గొయ్యి ఉంది. బిడ్డ పేరు తీయించేస్తే స్పీచ్ థెరపీ, టీచరు, ఇవేవీ డిస్ట్రిక్టు ఇచ్చి తీరాలన్న నియమం ఉండదు.

మేం ఆ గోతిలోనే పడ్డాం. హాజరు తక్కువైందని వరసగా ఉత్తరాలొస్తుంటే, ఒక జనవరి రాత్రి కోపంలో "మా పిల్లాణ్ణి మేమే చదివించుకుంటాం" అని రాసి సంతకం పెట్టి పంపేశాం. అప్పటికి ఐఈపీ అంటే ఏమిటో మాకు తెలియదు. ఏడాదిపాటు అన్ని థెరపీలకీ మా జేబులోంచే కట్టాం. ఒకరోజు గుడిలో చెప్పులు వేసుకుంటుంటే ఒక తెలుగావిడ నా మొహం చూసి "మీ అబ్బాయా? మా అమ్మాయీ అంతేనండీ" అంది. అక్కడే నిలబడి అరగంట మాట్లాడింది. మళ్ళీ పేరు నమోదు చేయించి, పరీక్షలు చెయ్యమని రాతపూర్వకంగా అడగమని చెప్పింది ఆవిడే.

అలా రాతపూర్వకంగా అడిగితే 20 రోజుల్లో మీటింగు పెట్టాలి. పరీక్షలకి మనం ఒప్పుకుని సంతకం పెట్టాక 90 రోజుల్లో అంతా పూర్తయి, అర్హత ఉంటే ఐఈపీ అమలు కావాలి. ఫోనులో అడిగితే ఈ గడువులు మొదలుకావు. ఉన్న ఐఈపీని మారుస్తామని వాళ్ళు ఉత్తరం పంపితే, ఒప్పుకోనివాళ్ళు 15 రోజుల్లోగా మధ్యవర్తిత్వం గానీ విచారణ గానీ కోరితే, తేలేదాకా పాత ఏర్పాటే సాగుతుంది. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి సంతకానికి ముందు మళ్ళీ ఒకసారి చూసుకోండి. హోమ్ స్కూలింగ్ వద్దని నేననడం లేదు. కోపంలో సంతకం పెట్టొద్దంటున్నాను.

గుంటూరు నుంచి మా ఆడపడుచు అడుగుతుంటుంది, "అక్కడైతే సరే, ఇక్కడ మాకేముంది వదినా?" అని. అక్కడా కొన్ని తలుపులున్నాయి. 2009 విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, తీవ్ర వైకల్యమున్న పిల్లలకి ఇంటి దగ్గరే చదువుకునే హక్కునిచ్చింది. 2016 చట్టం ఆటిజాన్నీ, డిస్లెక్సియా వంటి అభ్యసన లోపాలనీ వైకల్యాల జాబితాలో చేర్చింది. ఓపెన్ స్కూలు పరీక్షలున్నాయి. సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ జాతీయ సంస్థ ఉంది.

ఇక ఇంట్లో ఏం చదివించామో చెబుతాను. మొదటి మూడు నెలలు ఏమీ చదివించలేదు. టీచరుగా అది నాకు ప్రాణసంకటం. కానీ అలసిపోయిన బిడ్డకి ముందు కావలసింది విశ్రాంతి. తర్వాత వాడికి ఇష్టమైన రైళ్ళతో మొదలుపెట్టాం. మధ్యాహ్నం జనం లేని వేళ ప్రిన్స్‌టన్ జంక్షన్‌కి వెళ్ళి కూర్చునేవాళ్ళం. డింకీ రైలు 2.7 మైళ్ళు అయిదు నిమిషాల్లో వెళితే గంటకెంత? 32.4 మైళ్ళు. దశాంశాలు ప్లాట్‌ఫారం మీద వచ్చాయి. టైమ్ టేబుల్లో భిన్నాలు, పాత స్టేషన్ల కథల్లో చరిత్ర.

ఒక స్పెషలిస్టు మాతో "ఇంట్లో తెలుగు ఆపెయ్యండి, ఇంగ్లీషొక్కటే మాట్లాడండి" అన్నారు. ఆపేశాం. దాంతో ఇంగ్లీషు రాని మా అత్తయ్యగారు ఇంట్లో మూగవారైపోయారు. నాయనమ్మా మనవడూ ఒకే సోఫాలో మాటల్లేకుండా కూర్చునేవాళ్ళు. రెండు భాషలు ఆటిజం ఉన్న పిల్లలకి హాని చేస్తాయని ఇంతవరకూ పరిశోధనల్లో తేలలేదని తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజే తెలుగు మళ్ళీ ఇంట్లోకి వచ్చింది.

ఆ సంక్రాంతికి మా అత్తయ్యగారు నేలమీద కాగితం పరిచి ముగ్గుకి చుక్కలు పెడుతున్నారు. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా. వాడు దూరంనించి చూసి "నూట అరవై తొమ్మిది" అన్నాడు. నేను లెక్కపెట్టాను. మధ్యలో పదిహేను, పైనా కిందా పధ్నాలుగు నుంచి ఎనిమిది దాకా. సరిగ్గా 169. ఆవిడ నావైపు చూసి "వీడికి బడెందుకే, బడికి వీడు కావాలి గానీ" అన్నారు. రెండు తగిలించమన్న ఆవిడే! ఆ తర్వాత ఆవిడే మా ఇంటి జామెట్రీ టీచరు.

తర్వాత ఇలాంటి పిల్లలే మరో నలుగురు మా బేస్‌మెంట్‌కి రావడం మొదలుపెట్టారు. మంగళ, గురువారాలు, పది నుంచి పన్నెండు దాకా. నియమాలు రెండే. బల్ల కింద పడుకున్నా హాజరు వేస్తాం. మాట్లాడకపోతే ఎందుకు మాట్లాడవని అడగం. ఒక పాప టాబ్లెట్ మీద బొమ్మలు నొక్కి మాట్లాడుతుంది, అదీ మాటే. ఒక నాన్నగారు సర్క్యూట్లు నేర్పుతారు. ముగ్గులు అత్తయ్యగారివి. అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. ఒక అబ్బాయికి మా చోటూ నప్పలేదు, మానేశాడు. వాళ్ళమ్మ ఇప్పటికీ ఫోను చేస్తుంది.

మా అబ్బాయికి ఐఈపీతో ఇంటికి టీచర్ వచ్చారు, తర్వాత ఒక చిన్న ప్రోగ్రాములో రోజుకి రెండు గంటలతో మొదలుపెట్టాడు. ఇప్పుడు పందొమ్మిదేళ్ళు. కమ్యూనిటీ కాలేజీలో ఒక టర్ముకి ఒక్క కోర్సు తీసుకుంటాడు. వాడితో చదివినవాళ్ళు పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఉన్నారు. మొదట్లో ఆ వార్తలు వింటే గుండె కలుక్కుమనేది. ఇప్పుడు అనదని అబద్ధం చెప్పను, తగ్గింది.

చివరగా మీకో మనవి. మీలో కొందరి ఇళ్ళలో ఈ క్షణాన ఒక బిడ్డ గది తలుపు వేసుకుని ఉన్నాడని నాకు తెలుసు. "ఒంట్లో బాగోలేదు" అని చెప్పి ఇక్కడికొచ్చారు. బిడ్డని దాచకండి. దాచిన బిడ్డకి ఏ చట్టమూ సాయం చెయ్యలేదు. ఆ బాధ లేనివాళ్ళకి ఇంకో మనవి. "మీవాడు ఏ కాలేజీ?" అని అడిగే ముందు "మీవాడు ఎలా ఉన్నాడు?" అని అడగండి. భోజనాల హాల్లో ఒక పిల్లవాడు చెవులు మూసుకుని కనిపిస్తే వాళ్ళమ్మని వింతగా చూడకండి. వెళ్ళి పక్కన నిలబడండి. నాకు దారి చూపించింది చెప్పుల స్టాండు దగ్గర ఒక తల్లి అరగంట మాట. మనలో ఎవరి దగ్గర ఆ అరగంట లేదు చెప్పండి?

 మాట్లాడాలనుకునేవాళ్ళు బయట చెప్పులు వదిలిన చోటికి రండి, అక్కడే ఉంటాను. సెలవు.