నెట్టు రాకపోతే ముందు ఎక్కడ చూడాలి
(సమాఖ్య వార్షిక మహాసభలో కంప్యూటర్ పనులు చూసే సభ్యులు చెప్పిన మాటలు)



పోయిన మహాసభలో మాకు అప్పజెప్పిన పని ఒకటే. ఇళ్ళల్లో కంప్యూటర్లు పెట్టుకున్న సభ్యులకు ఇబ్బంది వస్తే వెళ్ళి చూడమన్నారు. మేము ముగ్గురం. ఇద్దరం సంఘం లెక్కలు రాసే బుక్‌కీపర్లం. మూడో ఆమె పెళ్ళికి ముందు కొన్నాళ్ళు మీసేవ సెంటర్లో పని చేసింది. మాలో ఎవరమూ ఇంజనీరింగు చదవలేదు. ఈ ఏడాది ఇల్లిల్లూ తిరిగి, కొన్ని చోట్ల తప్పులు చేసి నేర్చుకున్నదే మీకు చెప్తున్నాం.

ముందు ఒక ఇంటి సంగతి. ఒక అక్క సంఘంలో అప్పు తీసుకుని పాత కంప్యూటరు, ప్రింటరు కొన్నది. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయి ఊళ్ళోవాళ్ళకు ఫీజులవీ స్కాలర్‌షిప్పులవీ దరఖాస్తులు నింపి ఇస్తే, ఆ డబ్బులతో కిస్తీ కట్టుకోవచ్చని లెక్క. రెండు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు రాత్రంతా కరెంటు లేదు. తెల్లారి కంప్యూటరు వేస్తే, ఏ వెబ్‌సైటు తెరిచినా ఎర్ర గుర్తు. కింద పెద్ద అక్షరాలతో ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని.

అమ్మాయి హడలిపోయింది. తండ్రి ‘ఏదో నొక్కి నువ్వే పాడు చేశావు’ అన్నాడు. టౌనుకు మోసుకుపోయి రిపేరు షాపులో ఇస్తే, వైరస్ పట్టింది, అంతా తుడిచి మళ్ళీ ఎక్కించాలి అన్నారు. డబ్బు కట్టి తెచ్చుకున్నారు. కొన్నాళ్ళు పని చేసింది. మళ్ళీ కరెంటు పోయింది, మళ్ళీ అదే ఎర్ర గుర్తు. దరఖాస్తు కాగితాలు ఇచ్చినవాళ్ళు గడువు దాటిపోతుందని వెనక్కి తీసుకుపోయారు. రెండు కిస్తీలు ఆగాయి. సంఘం మీటింగులో ఆ అక్క తల వంచుకుని కూర్చుంది. కంప్యూటరు అమ్మేసి అప్పు తీర్చేస్తానంది.

మేము వెళ్ళాం. మాకూ అర్థం కాలేదు. వైర్లు పీకి పెట్టాం, కంప్యూటరు ఆపి వేశాం. ఫలితం లేదు. బస్సుకు టైమవుతోందని మాలో ఒకరు స్క్రీను మూలన గడియారం చూశారు. అక్కడ 2009 జనవరి 1 అని ఉంది.

సంగతి అదీ. బ్యాంకు సైటు గాని, ప్రభుత్వ సైటు గాని తెరిచినప్పుడు, ఆ సైటు ముందుగా తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. దాన్ని సర్టిఫికెట్ అంటారు. అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో అందులోనే ఉంటుంది. బ్రౌజరు ఆ తేదీలను మన కంప్యూటరు గడియారంతో పోల్చి చూస్తుంది. మన గడియారం 2009లో ఉంటే, పత్రం ఇంకా మొదలే కాలేదు కదా! అందుకే నమ్మను పొమ్మంటుంది. వైరస్ లేదు, ఏమీ లేదు. కంప్యూటరు లోపల మదర్‌బోర్డు మీద ఒక బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. చాలావాటిలో సీఆర్2032 అనే రకం. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే, కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం పాత తేదీకి వెళ్ళిపోతుంది. షాపులో అంతా ఎక్కించేటప్పుడు తేదీ సరిచేసి ఉంటారు, అందుకే మళ్ళీ కరెంటు పోయేదాకా పని చేసింది.

తేదీ, టైము సరిచేశాం. టైమ్ జోన్ మన దేశానిదే ఉందో లేదో చూశాం. సైట్లన్నీ తెరుచుకున్నాయి. తర్వాత బిళ్ళ మార్పించాం. టమాటా మండిపోయిన నెలలో కిలో టమాటాల ఖర్చు కూడా కాలేదు.

ఇందులో మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆ ఎర్ర గుర్తు పేజీలో, కింద చిన్న అక్షరాల్లో ‘సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్’ అని రాసే ఉంది. డేట్ అన్న మాట మా కళ్ళ ముందే ఉంది. ముగ్గురం చూశాం, ఒక్కరమూ చదవలేదు. కొన్ని బ్రౌజర్లు ఇంకా సూటిగా, మీ గడియారం వెనకబడి ఉందనే చెప్తాయి. అందుకని ఇప్పుడు ఏ ఇంటి నుంచి ఫోనొచ్చినా, ముందు ఆ స్క్రీను మొత్తం ఫొటో తీసి పంపమంటున్నాం. ‘ఏదో ఇంగ్లీషులో వస్తోందక్కా’ అంటే మేమూ ఏమీ చెప్పలేం.

ఒక జాగ్రత్త. తేదీ సరిగ్గానే ఉండి, బ్యాంకు సైటు మీద ఆ ఎర్ర గుర్తు వస్తే, ‘అయినా ముందుకు వెళ్ళు’ అన్నదాన్ని నొక్కకండి. అడ్రసులో అక్షరం తప్పిందేమో చూసుకోండి. అక్కడ పాస్‌వర్డు మాత్రం కొట్టకండి.

ఇక నెట్టే రాని సంగతి. మన ఇంటి కుళాయికి నీళ్ళు రాకపోతే ఏం చేస్తాం? పక్కింటికి వస్తున్నాయా అని అడుగుతాం. వాళ్ళకూ రాకపోతే ట్యాంకు దగ్గరో వీధి పైపు దగ్గరో తంటా. వాళ్ళకు వస్తే మన కుళాయిదే. నెట్టుకూ అంతే. అదే వైఫై మీద ఫోన్లో ఏదైనా తెరిచి చూడండి. కాకపోతే ముందు ఫోన్లో మొబైల్ డేటా ఆపాలి. ఇది ఆపకుండా చూసి, ‘వైఫై బాగానే ఉంది, కంప్యూటరే పాడైంది’ అనుకున్నవాళ్ళు చాలామంది. ఫోను సిమ్ములోని నెట్టుతో నడుస్తూ ఉంటుంది, మనం వైఫై అనుకుంటాం.

ఫోన్లోనూ రాకపోతే రౌటరు దీపాలు చూడండి. ఫైబర్ లైనైతే ‘లాస్’ అని ఇంగ్లీషులో మూడక్షరాలు రాసిన దీపం ఉంటుంది. అది ఎర్రగా వెలుగుతుంటే బయటి నుంచి వెలుతురు సిగ్నల్ రావట్లేదని. అప్పుడు కంప్యూటర్లో ఎంత నొక్కినా వృథా, లైను వాళ్ళను పిలవాల్సిందే. ఫైబర్ తీగలో ఉండేది రాగి కాదు, గాజు పోగు. మడిస్తే లోపల విరుగుతుంది. ఒక ఇంట్లో తలుపు సందులోంచి తీగ లాగారు, తలుపు వేసినప్పుడల్లా నలిగింది. ఇంకో ఊళ్ళో కోతులు ఊగి తెంచాయి. కోతులకు మా దగ్గర మందు లేదు.

దీపాలన్నీ బాగుండి, వైఫై కలిసే ఉండి, పేజీలు రాకపోతే రీచార్జి గడువు చూసుకోండి. నవ్వకండి, మూడిళ్ళలో అదే. అది కూడా సరిగ్గా ఉంటే రౌటరు స్విచ్చి ఆపి, అర నిమిషం ఆగి వేయండి. దీపాలు కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, తొందరపడి మళ్ళీ ఆపకండి. రౌటరు వెనకాల సూది దూరేంత బెజ్జం ఒకటి ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ఒక ఇంట్లో పిల్లాడు పిన్నీసుతో నొక్కి పట్టుకున్నాడు. లోపల పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. లైను మనిషి వచ్చి మళ్ళీ పెట్టేదాకా మూడు రోజులు నెట్టు లేదు.

అన్ని సైట్లూ వస్తూ ఒక్కటే రాకపోతే, తప్పు మన ఇంట్లో లేకపోవచ్చు. 404 అని వస్తే ఆ అడ్రసులో ఆ పేజీ లేదని. 500, 502, 503 లాంటివి వస్తే అవతలి సర్వరుకే కష్టం వచ్చిందని. దరఖాస్తు చివరి రోజుల్లో అందరూ ఒకేసారి పడితే ఇవి ఎక్కువ వస్తాయి. అందుకే చివరి రోజు దాకా ఆగొద్దంటున్నాం. ఫీజు కట్టేటప్పుడు పేజీ ఆగిపోతే మళ్ళీ మళ్ళీ నొక్కకండి, ముందు బ్యాంకు మెసేజి వచ్చిందా, ఖాతాలోంచి డబ్బు పోయిందా చూడండి. రెండుసార్లు కట్టి, ఒకటి వెనక్కి రావడానికి ఎదురుచూసిన ఇల్లు కూడా ఉంది.

అదే సైటు పక్కింట్లో వస్తూ మన దగ్గర రాకపోతే, కంట్రోల్, షిఫ్టు, ఎన్ కలిపి నొక్కండి. క్రోమ్‌లో కొత్త కిటికీ వస్తుంది, అందులో తెరిచి చూడండి. అక్కడ వచ్చిందంటే పాతగా దాచిపెట్టిన సరుకు అడ్డం పడుతోందన్నమాట. సెట్టింగుల్లో ఆ సైటు వరకు దాచినది తీసేస్తే చాలు. అన్నీ తుడిచేస్తే దాచుకున్న పాస్‌వర్డులు కూడా పోవచ్చు, చూసి టిక్కు పెట్టండి.

చివరిది చెప్పడం కష్టంగా ఉంది. చెప్పమని ఆ చెల్లెలే అన్నది కాబట్టి చెప్తున్నాం. నెట్టు రావట్లేదని, ఫోన్లో కస్టమర్ కేర్ అని వెతికి, పైన కనబడిన నంబరుకు ఫోన్ చేసింది. అవతలి మనిషి తెలుగులోనే మర్యాదగా ‘అమ్మా’ అని మాట్లాడాడు. ఒక యాప్ వేసుకోమన్నాడు. అది మన స్క్రీను వాడికి చూపించే యాప్. పది రూపాయలు కడితే కంప్లైంటు నమోదవుతుందన్నాడు. ఆమె పిన్ను కొడుతుంటే వాడు చూశాడు. ఆ నెల సభ్యులంతా ఫోను ద్వారా పంపిన పొదుపు ఆమె ఖాతాలోనే ఉంది. అంతా పోయింది. సిగ్గుతో రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. తర్వాత 1930కి ఫోన్ చేయించాం, ఆలస్యమైపోయింది. డబ్బు ఇంతవరకు రాలేదు, ఆమె కూలి చేసి నెలనెలా కడుతోంది. మోసం జరిగిందని తెలిసిన నిమిషమే 1930కి చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఆపే వీలుంటుంది. లైను వాళ్ళ నంబరు మీ బిల్లు మీదో కనెక్షను కాగితం మీదో ఉంటుంది. దాన్ని ఇవాళే ఇంటికి పోయి రౌటరు పైన గోడ మీద రాసుకోండి, పక్కనే 1930 కూడా.

పొదుపు సొమ్ము సొంత ఖాతాలో ఎందుకు ఉంచాల్సి వచ్చిందన్నది పాలకవర్గం తేల్చాల్సిన మాట. మేము రాతపూర్వకంగా ఇచ్చాం.

భోజనాలయ్యాక వరండాలో కంప్యూటరు, రౌటరు పెడతాం. మేమే ఒక చోట చెడగొట్టి ఉంచుతాం, ఎక్కడో మీరు కనిపెట్టాలి. గడియారం ఇంటి అమ్మాయి కూడా మాతోపాటు బల్ల దగ్గర కూర్చుంటుంది. ఇప్పుడు మేము నలుగురం.